దీనారు ఇంకా పెరుగుతుందని ఆగొచ్చా?

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. మావారు కువైట్‌లో ఏసీ మెకానిక్. ఇంటి ఖర్చులకు నెలనెలా పంపుతూనే ఉన్నారు గానీ, మిగిలే 150 దీనార్లను ఆరు నెలలుగా అక్కడే ఉంచుకుంటున్నారు. "ఇంకో పది రూపాయలు పెరగనీ, అంతా ఒక్కసారే పంపుతా" అంటారు. ఇల్లు కట్టుకోవడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 2 లక్షల 40 వేల అప్పు మాత్రం అలాగే ఉంది. ఒకప్పుడు దీనారు పదమూడు రూపాయలేనట, అది పెరిగేదే తప్ప తగ్గేది కాదని మా మామగారు కూడా ఆయననే సమర్థిస్తున్నారు. ఆగమంటారా?

జవాబు: వద్దమ్మా. ఉన్నదంతా ఈ వారమే పంపించమనండి.

మీ మామగారు చెప్పిన పదమూడు రూపాయల మాట నిజమే. 1961 దాకా కువైట్‌లో చెలామణి అయింది మన రూపాయే. గల్ఫ్ కోసమని రిజర్వ్ బ్యాంకు 1959లో ప్రత్యేకంగా వేరే రంగు నోట్లు కూడా తెచ్చింది. 1961లో కువైట్ సొంత దీనారు తెచ్చుకున్నప్పుడు 13 రూపాయల 33 పైసలకు ఒక దీనారు లెక్కన మార్చారు. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించేసరికి రాత్రికి రాత్రే అది 21 అయింది. (ఆ దెబ్బతోనే ఖతార్, దుబాయ్ కూడా మన రూపాయిని వదిలేశాయి.) 2024 నాటికి 270 దగ్గరికి వచ్చింది. ఈ అంకెలు చూస్తే ఆశ పుట్టడం సహజమే.

కానీ ఆ పెరుగుదల ఏటేటా మెట్లెక్కినట్టు రాలేదు. 2002లో దీనారు సుమారు 160 రూపాయలు. 2010లో ఎంతనుకున్నారు? అదే 160! మధ్యలో 2007 చివర 145 దాకా దిగింది కూడా. ఆ ఎనిమిదేళ్లూ రేటు కోసం దీనార్లు దాచుకున్నవాళ్లకు ఒక్క రూపాయి కలిసిరాలేదు. అదే లక్ష రూపాయలు ఇక్కడ ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ చేసి ఉంటే లక్షా 70 వేలు దాటేది.

2013లో దీనికి పూర్తిగా తిరగబడిన ఆట నడిచింది. ఆ మే నెలలో 190 ప్రాంతంలో ఉన్న దీనారు, రూపాయి కుప్పకూలడంతో ఆగస్టు 28న 240 చుట్టుపక్కలకు పోయింది. ఇక 250 ఖాయమని కూర్చున్నవాళ్లు అక్టోబరులో 220 కంటే తక్కువకు మార్చుకోవాల్సి వచ్చింది. ఇందులో కువైట్ చేసిందేమీ లేదు. 2007 మే నుంచి దీనారు విలువను కొన్ని దేశాల కరెన్సీలను కలిపిన ఒక బుట్ట విలువకు ముడిపెట్టారు, అందులో పెద్ద వాటా డాలరుదే. డాలరు ముందు మన రూపాయి ఎలా ఉంటే దీనారు రేటూ దాదాపు అలాగే ఉంటుంది. రూపాయి వచ్చే నెల ఎటు పోతుందో చెప్పగలిగినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

2002 నుంచి 2024 వరకు మొత్తం చూసినా దీనారు సగటున ఏడాదికి రెండున్నర శాతం లోపే పెరిగింది. మీ అప్పు మీద వడ్డీ ఏడాదికి 24 శాతం. ఇక ఆలోచించడానికేముంది?

మీ లెక్కే చూద్దాం. మీవారి దగ్గర ఇప్పుడు 900 దీనార్లున్నాయి. ఆయన కోరుకున్న పది రూపాయలూ పెరిగితే మీకు మిగిలేది 9,000. దీనారు 270 లెక్కన 150 దీనార్లంటే దగ్గర దగ్గర 40 వేలు. ఏ నెలది ఆ నెల పంపించి అసలుకు కట్టి ఉంటే, ఒక్కో 40 వేల మీద నెలకు 800 చొప్పున వడ్డీ తగ్గేది. మొదటి నెల డబ్బు అయిదు నెలలు ఊరికే ఉంది, రెండో నెలది నాలుగు నెలలు, అలా కలుపుకుంటూ వస్తే ఇప్పటికే 12,000 పోయింది. అంటే ఇంకా రాని లాభం కంటే పోయిందే ఎక్కువ. ఇక ముందు ఆగే ప్రతి నెలకూ 4,800.

ఇంకో సంగతి. ఆ దీనార్లు బ్యాంకులో ఉన్నాయా, రూములో పెట్టెలో ఉన్నాయా? పెట్టెలో అయితే 1990 సంగతి మీవారికి గుర్తు చేయండి. ఆగస్టులో కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్, అక్కడి దీనారునే రద్దు చేసింది. మనవాళ్లు లక్షన్నర మందికి పైగా అప్పుడు అక్కడున్నారు. విముక్తి తర్వాత 1991లో కొత్త నోట్లు వచ్చాయి, పాతవి చెల్లకుండా పోయాయి. అలాంటిది మళ్లీ వస్తుందని నేననను, కానీ డబ్బు పెట్టెలో ఎందుకు?

పంపేటప్పుడు రెండు మూడు ఎక్స్చేంజ్‌లలో రేటుతో పాటు ఫీజు కూడా అడిగి, చేతికి ఎంత వస్తుందో పోల్చుకోమనండి. బ్యాంకులతో పనిలేకుండా చేతి మీద డబ్బు చేరవేస్తూ, రేటు ఎక్కువిస్తామనే హుండీ వాళ్ల జోలికి మాత్రం పోవద్దు. డబ్బు పోతే అడిగే దిక్కుండదు, పైగా చట్టవిరుద్ధం.

అప్పు తీరాక నెలనెలా మిగిలే 150 దీనార్లను మీవారి పేరు మీద ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (ఎన్నారైలు అక్కడి సంపాదనను ఇక్కడ రూపాయల్లో దాచుకునే బ్యాంకు ఖాతా) పంపించి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఆయన ఎన్నారైగా ఉన్నన్నాళ్లూ ఆ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. రూపాయి ఇంకా పడుతుందనే నమ్మకం ఆయనకు పోకపోతే, కొంత డబ్బును రూపాయల్లోకి మార్చకుండా డాలర్లలోనే ఉంచే ఎఫ్‌సీఎన్‌ఆర్ అనే బ్యాంకు డిపాజిట్‌గా ఒకటి నుంచి అయిదేళ్లకు వేసుకోవచ్చు. ఆ సరదా అప్పు తీరాకే.

డబ్బు అందగానే అప్పిచ్చినాయన దగ్గరికి ఒంటరిగా కాకుండా మామగారిని తీసుకుని వెళ్లండి. కట్టినంత మొత్తానికీ ప్రోనోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించి, సంతకం పెట్టించండి. పూర్తిగా తీరిన రోజు అసలు నోటు మీ చేతికి వచ్చాకే లేవండి.