దిగిన దారి ఏదీ?

నాయనా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు నా పాత మ్యాపు తీసి మంచం మీద పరుచుకున్నాను. బ్రిటన్ మ్యాపులు వేసే ఆర్డ్‌నన్స్ సర్వే వాళ్ల 255వ షీటు. మడతల దగ్గర చిరిగిపోయింది, ఒక మూల టీ మరక. వేల్స్‌లో నువ్వు ఎక్కిన బెర్విన్ కొండ నేనూ ఎక్కాను, 2011 సెప్టెంబరులో, ఒక్కదాన్నే. అప్పుడు మా అమ్మాయి ష్రూస్‌బరీలో ఉండేది. నన్ను జలపాతం దగ్గర కారులో దింపి, సాయంత్రం నాలుగింటికి వస్తానని, ఈలోగా పిచ్చిపనులు చెయ్యొద్దని చెప్పి వెళ్లింది.

ముందు ఒక చిన్న మాట. "గౌరవనీయులైన రచయిత్రి గారి పాదపద్మములకు" అని మొదలుపెట్టావు. పాదాల సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నా, ఆ కొండ దిగాక మూడు రోజులు అవి నా మాట వినలేదు. ఇకమీద "అమ్మా" అంటే చాలు.

నీ వ్యాసం పదకొండు పేజీలు. పిస్తిల్ రైయాడర్ జలపాతం దగ్గర బయల్దేరడం, లోయలో నడక, లిన్ లిన్‌కౌస్ అనే చిన్న చెరువు, అక్కడి నుంచి కొండ అంచు పట్టుకుని మోయిల్ సీఖ్, ఆపైన కదైర్ బెర్విన్. పదిన్నర పేజీలు ఎక్కుతూనే ఉన్నావు. పైన చేతులు చాచి నిలబడ్డావు. ఆ తర్వాత ఒక్క వాక్యం: "మెల్లగా కిందికి దిగి వచ్చాను." వెళ్లిన దారినే వెనక్కి వచ్చి ఉంటే సరేలే అనుకుందును. నీది చుట్టు దారి. తొమ్మిది పది కిలోమీటర్ల నడకలో దాదాపు సగం అటువైపే ఉంది. ఆ సగం ఏదీ?

నిజానికి నిన్ను అడిగే హక్కు నాకు లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

"ఏకాంతం" అనే మాట పద్నాలుగు సార్లు వాడావు. పెన్సిలుతో గీతలు గీసి లెక్కపెట్టాను. ఆ పద్నాలుగూ కొట్టేసి చూడు, ఏం మిగులుతుందో. ఒంటరిగా నడిచే మనిషి తనలో తను మాట్లాడుకుంటాడు, అదీ పైకే. దారికి అడ్డంగా పడుకున్న గొర్రెకు సారీ చెప్పి పక్కనుంచి వెళతాడు. అన్నం పొట్లం ఇప్పుడు విప్పాలా, ఇంకాస్త ఆగాలా అని తేల్చుకోవడానికి అరగంట తీసుకుంటాడు, పక్కన అడగడానికి ఎవరూ ఉండరు కనక. నేను పులిహోర పట్టుకెళ్లాను. లిన్‌కౌస్ ఒడ్డున రాయి మీద కూర్చుని తింటుంటే, వేరుశనగ పలుకులు నమిలే చప్పుడు నాకే పెద్దగా వినబడింది. చుట్టూ కనుచూపు మేరలో మనిషి లేడు, అయినా సిగ్గేసి మెల్లగా నమిలాను. నీ చెరువు గట్టు మీద ఇలాంటిదేదో నీకూ జరిగే ఉంటుంది. దాన్ని వదిలేసి "ఏకాంతం నన్ను హత్తుకుంది" అని రాశావు. ఎవర్నయినా హత్తుకోగలదు ఆ వాక్యం.

ఆ కొండలు ఎందుకంత నిర్మానుష్యంగా ఉంటాయో కూడా నువ్వు రాయలేదు. పాఠకుడికి అది కావాలి. పడమటగా కొంత దూరంలో ఎరెరి నేషనల్ పార్కు, అందులో 1085 మీటర్ల స్నోడన్ ఉన్నాయి. వాళ్ల భాషలో దాని పేరు ఎర్ విద్వా. 1896 నుంచీ దాని మీదికి రైలే నడుస్తోంది. జనమంతా అటే పోతారు. బెర్విన్ 832 మీటర్లు, ఏ నేషనల్ పార్కులోనూ లేదు. వేల్స్‌లో పార్కుల బయట ఇంతకన్నా ఎత్తయిన శిఖరం లేకపోయినా, ఆ ఘనత చూసి ఎవరూ రారు. ఉత్తర వేల్స్ ఏడు వింతల మీద ఎవరు కట్టారో తెలియని పాత పాట ఒకటుంది. అందులో నీ పిస్తిల్ రైయాడర్ ఒక వింత, "జనం లేని స్నోడన్" ఇంకో వింత. ఇప్పుడు స్నోడన్ కొనమీద ఫొటో దిగడానికి వరసలో నిలబడుతున్నారు. ఆ పాట కట్టినవాడు చూస్తే ఏమంటాడో గానీ, ఆ పోయిన నిశ్శబ్దం ఎక్కడ ఉందో నువ్వు నడిచి చూశావు. ఇది రాస్తే ఏకాంతం అనే మాట ఒక్కసారి కూడా అవసరం పడదు.

"పచ్చని తివాచీ పరిచినట్టు" అన్నావు. నువ్వు వెళ్లింది సెప్టెంబరు ఆఖర్న. ఆ వేళకి హెదర్ అనే కొండపొదల పూలు వాడి, తుప్పు రంగుకి తిరిగి ఉంటాయి. గడ్డి గోధుమ రంగు. నేల నల్లటి పీటు, కుళ్లిన నాచూ గడ్డీ పేరుకున్న మట్టి, అడుగు వేస్తే పిండిన గుడ్డలా నీళ్లు కక్కుతుంది. ఆ తివాచీ నీకు కొండ మీద కనబడలేదు, ఎక్కడో చదివింది నోటికొచ్చింది. తప్పు పట్టడం లేదు. అలాంటి మాటలు మనం అడక్కుండానే వస్తాయి, గుమ్మం దగ్గరే ఆపి పంపెయ్యాలి.

పేర్లను ఊరికే వల్లించి వదిలేశావు, నాకు బాధేసింది. మోయిల్ అంటే వాళ్ల భాషలో బోడి, చెట్టూ చేమా లేని గుండ్రటి కొండ. రామతీర్థం దగ్గర మనకీ ఒక బోడికొండ ఉంది. సీఖ్ అంటే పొడి. అంటే నువ్వు మోకాళ్ల దాకా బురద పూసుకుని ఎక్కింది "ఎండు బోడికొండ"! ఈ వేళాకోళం చేసింది ఆ కొండే. నువ్వు దాన్ని అందుకుంటే చాలు, హాస్యం కోసం వేరే తంటాలు పడనక్కర్లేదు. కదైర్ అంటే కుర్చీ. లిన్ అంటే చెరువు. ఈ అర్థాలన్నీ ఒకచోట పోగేసి పాఠం చెప్పకు. కాలు బురదలో దిగినప్పుడు "పొడి" అనే మాట గుర్తు రావాలి, అంతే.

జలపాతాన్ని "అచ్చం మన తలకోన" అన్నావు. అంకెలు దగ్గరే. ఇది 240 అడుగులంటారు, తలకోన 270. అంతటితో పోలిక అయిపోయింది. తలకోన దగ్గర అడవి, కోతులు, గుడి, స్నానాలు, తడిబట్టలు. ఇక్కడ నీళ్లు మూడు అంచెలుగా పడుతూ మధ్యలో సహజంగా ఏర్పడ్డ ఒక రాతి కమాను కిందనుంచి దూరి వస్తాయి, ఎవరూ తలంటుకోరు. పోల్చు, పోల్చొద్దని అనను. పోలిక ఎక్కడ తెగిందో అక్కడ ఆగి చూడు, రాయడానికి సరుకు ఉండేది ఆ తెగిన చోటే.

ఆరో పేజీలో చరిత్ర గుమ్మరించావు. 1165లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ సైన్యంతో ఈ బెర్విన్ కొండల మీదుగా దండెత్తి, వానకీ గాలికీ ఓడి వెనక్కి పోవడం, 1974 జనవరిలో భూకంపం వచ్చి, ఆకాశంలో దీపాలు కనబడ్డాయని జనం ఎగిరే పళ్లాల కథలు అల్లడం, అన్నీ ఒకే పేరాలో. ఫోనులో చూసి రాసినట్టు తెలిసిపోతోంది. హెన్రీని ఉంచు, పళ్లాల్ని తీసెయ్. ఎందుకంటే నువ్వూ వానలో తడిశావు. గొడుగు తిరగబడ్డ చోట రాజుగారి సైన్యాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వాన ఎలాంటిదో కూడా అర్థమవుతుంది. ఎగిరే పళ్లెం నీకేం చేసింది?

కింద ఊరి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. లాన్‌రైయాడర్‌లో బస్సు దిగి టీ తాగి ముందుకు వెళ్లిపోయావు. ఆ ఊరి చర్చికి 1578లో విలియమ్ మోర్గన్ అనే పాదిరి వచ్చాడు. ఇంకా కుర్రవాడే, ముప్పై దాటాయంతే. ఆ కొండల కింద కూర్చుని బైబిల్ మొత్తాన్ని వాళ్ల వెల్ష్ భాషలోకి తెచ్చాడు. 1588లో అచ్చయింది. అంతకు ముందు 1567లోనే కొత్త నిబంధన వెల్ష్‌లో వచ్చింది. దాన్ని తెచ్చిన విలియమ్ సేల్స్‌బరీ మహా పండితుడు. కానీ ప్రతి మాటకీ లాటిన్ మూలం కనబడాలని అక్షరాలు పేర్చాడు, చర్చిలో పైకి చదవబోతే నాలుక తడబడేది. మోర్గన్ దాన్ని సవరించి, మిగతాది తను చేసి, పైకి చదివితే సాఫీగా సాగేలా రాశాడు. దీన్ని మన గిడుగు వారి వాడుక భాష పోరాటంతో ముడి పెట్టెయ్యకు, అది వేరు. మోర్గన్‌ది వాడుక భాష కాదు, వాళ్ల కవుల నుంచి వచ్చిన గట్టి భాషే. గట్టిగా ఉంటూనే నోటికి పట్టింది. ఇవాళ వెల్ష్ మాట్లాడేవాళ్లు అయిదు లక్షల పైచిలుకు మిగిలారంటే, ఆ పుస్తకం పాలు ఎంతో ఉందని వాళ్లే చెబుతారు. నీ నాలుగో పేజీ ఒకసారి పైకి చదువు. "పర్వతారోహణోత్సాహభరిత హృదయంతో" దగ్గర నేను ఆయాసపడ్డాను, కొండ ఎక్కకుండానే.

ఇప్పుడు నీకు కాస్త చేదు మాట. నువ్వు చేతులు చాచి ఫొటో దిగిన సిమెంటు స్తంభం ఉందే, అది శిఖరం కాదు. అది సర్వే వాళ్ల స్తంభం, 827 మీటర్లు. అసలు శిఖరం దానికి కొన్ని వందల మీటర్ల ముందు నువ్వు దాటి వచ్చిన రాళ్ల గుట్ట. పాత మ్యాపుల్లో దానికి ఎత్తు అంకె కూడా ఉండేది కాదు, చాలాకాలం స్తంభమున్న చోటే, మోయిల్ సీఖ్‌తో సమానంగా, పెద్దదనుకున్నారు. తర్వాత కొలిస్తే ఈ గుట్ట ఎక్కువ తేలింది. నీ వ్యాసంలో ఆ రాళ్ల దగ్గర షూ లేసు కట్టుకున్నావని ఉంది. ఆ వాక్యం ముట్టుకోకు! ఫొటో సంగతీ దిద్దకు. నీకు తెలియకుండానే శిఖరం మీద వంగి లేసు కట్టుకున్నావు, నీ వ్యాసం మొత్తానికి అంతకన్నా మంచి సంగతి లేదు.

ఇక నా సంగతి.

నేను కదైర్ బెర్విన్ నుంచి వెనక్కి మోయిల్ సీఖ్ చేరేసరికి మబ్బు దిగింది. చెయ్యి చాపితే వేళ్లు మసక. అక్కడ కంచెలు కలుస్తాయి కదా. కంచె పట్టుకుని దిగితే చాలని అమ్మాయి చెప్పింది, ఏ కంచె అని నేను అడగలేదు. ఒకటి పట్టుకున్నాను. కంచె పక్కన నడవడం ఎంత ధైర్యమో! చేతికి ముల్లు తీగ, కాలికి బురద, ఎవరో ఎక్కడికో తీసుకుపోతున్నట్టే ఉంటుంది. నలభై నిమిషాలు నడిచాను. అప్పుడు తట్టింది, గాలి ముఖాన కొడుతోంది. పొద్దుట్నుంచీ పడమటి గాలి. నేను దక్షిణానికి దిగుతుంటే అది కుడి చెంపకు తగలాలి. దిక్సూచి తీసి చూశాను, తిన్నగా పడమటికి పోతున్నాను. మెడలో విజిల్ ఉంది, ఆపదైతే నిమిషానికి ఆరుసార్లు ఊదాలి. ఊదడానికి మొహమాటం. ఎవరూ లేని కొండ మీద మొహమాటం ఏమిటో నాకిప్పటికీ తెలియదు. మళ్లీ ఎక్కాను, ఆ ఎండు బోడికొండని రెండోసారి, ఏడుస్తూ, దేవుణ్ణి కాక అల్లుణ్ణి తిట్టుకుంటూ. బూట్లు కొనిపెట్టింది అతను.

సరైన కంచె వెంట దిగాక మబ్బు కిందికి వచ్చేశాను. ఎదురుగా వెడల్పాటి గడ్డి మైదానం, మధ్యలో ఒక చిన్న వాగు, మన పొలం కాలువంత. చప్పుడే లేదు. దాని పేరు డిస్‌గిన్వా. డిస్‌గిన్ అంటే దిగడం, చివరి ముక్కకి చోటని అర్థం. దిగే చోటు. కాస్త ముందుకెళ్లి చెట్ల మధ్య అది మాయమవుతుంది, అంతే, కింద హోరు. పైన నిలబడితే జలపాతం కనబడదు, వినబడుతుంది. కింద పడ్డాక అదే నీళ్లకి పేరు వేరు, రైయాడర్ నది. పొద్దున్న కిందనుంచి తలెత్తి చూసిన దాని నెత్తి మీద నిలబడి, అది ఇంత నెమ్మదైన వాగా అని ఆశ్చర్యపోయాను. కార్ పార్కుకి చేరేసరికి అయిదున్నర. అమ్మాయి ముఖం చూసి, ఫొటోలు తీస్తూ ఆలస్యమైందన్నాను.

తిరిగి వచ్చాక వ్యాసం రాశాను, ఒక పత్రికలో అచ్చయింది. పేరొచ్చింది కూడా. అందులో ఆ నలభై నిమిషాలు లేవు. కంచె లేదు, విజిల్ లేదు, వాగు లేదు. శిఖరం తర్వాత ఒక్క వాక్యం: "మబ్బుల్లోంచి మెల్లగా కిందికి దిగి వచ్చాను." నీ వాక్యం చూసి నేనెందుకు మంచం మీద మ్యాపు పరుచుకున్నానో ఇప్పుడు అర్థమైందా? అరవై దగ్గరపడ్డ మనిషిని, దారి తప్పానని నలుగురికీ తెలిస్తే నామోషీ అనుకున్నాను. ఆ వ్యాసాన్ని ఇప్పుడు తిరిగి రాయలేను. రాయబోతే బురద రంగు, గాలి మాత్రమే గుర్తొస్తున్నాయి, వరస గుర్తు రావడం లేదు. నీకింకా ఆర్నెల్లే అయింది.

కాబట్టి పదిన్నర పేజీల్ని నాలుగు చెయ్. మిగతాది దిగు. మోయిల్ సీఖ్ దగ్గర ఏ కంచె పట్టుకున్నావు? గాలి ఏ చెంపకు తగిలింది? వాగు దగ్గర కూర్చున్నావా, చెట్ల దాకా వెళ్లి తొంగి చూశావా, భయపడి వెనక్కి వచ్చావా? చివరి బస్సు దొరికిందా? నీ వ్యాసంలో బస్సు ఎక్కినట్టు లేదు, ఆ ఊళ్లోంచి రాత్రి ఎలా బయటపడ్డావో నాకు తెలియాలి.

పండక్కి ముందే పంపు. తర్వాత మా ఇల్లు మనవల చేతికి పోతుంది.

ఆశీస్సులతో,
అమ్మ