అమెరికాలో పశువధ పెరిగితే మంద ఎందుకు తరిగింది?

వధ పెరిగినందువల్లే అమెరికాలో మొత్తం పశువులు తగ్గాయా అని అడిగారు. వధకు వెళ్లినవాటిలో ఆడవి ఎన్ని అన్నదే ఇక్కడ అసలు విషయం. మగ దూడలు ఎన్ని వెళ్లినా మంద మళ్లీ నిండుతుంది. ఈనవలసిన ఆవులు, పెయ్యలు వెళ్తే పుట్టవలసిన దూడలూ వాటితోనే పోతాయి. 2020 తర్వాతి కరవులో పచ్చిక ఎండి, చెరువులు అడుగంటి, ఎండుగడ్డి ధర మోయలేనంతగా పెరగడంతో, టెక్సస్ వంటి రాష్ట్రాల రైతులు ఏటా ఈనే ఆవులను సైతం అమ్ముకోవలసి వచ్చింది. ఆ బాధ పశువులను సాకినవారికి వేరే చెప్పనక్కరలేదు. 2025 జనవరి 1 నాటికి అమెరికాలో మొత్తం పశువుల సంఖ్య సుమారు 8.67 కోట్లకు పడిపోయింది. 1951 తర్వాత అప్పటికి అదే అతి తక్కువ. పెయ్య రెండేళ్ల వయసుకు గానీ ఈనదు కాబట్టి మంద త్వరగా కోలుకోదు. పైగా మందను పెంచడానికి పెయ్యలను అట్టేపెట్టుకున్నకొద్దీ మార్కెట్‌కు వచ్చేవి ఇంకా తగ్గి, మాంసం ధర పెరుగుతుంది.