కెమెరాలో వెలుగుని కొలిచే మీటర్ చెప్పినట్టే తీసినా ఫొటోలు నల్లగా వస్తున్నాయా?

గండికోటలో మినోల్టా ఎస్ఆర్‌టి 101 అనే పాత ఫిల్మ్ కెమెరాతో తీసిన రోల్ మొత్తం నల్లగా, గరుగ్గా వచ్చింది, లోపల కనిపించే మీటర్ ముల్లుని గుండ్రటి ముల్లుతో కలిపే తీశాను అన్నారు కదా. అప్పుడే ల్యాబ్‌ని తిట్టకండి. నెగటివ్‌ని కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. అంచున ఉన్న అంకెలు స్పష్టంగా ఉండి, బొమ్మలు మాత్రమే పలచగా ఉంటే డెవలపింగ్ బాగానే జరిగినట్టు. ఫిల్మ్‌కి వెలుగు చాలలేదంతే.

నా అనుమానం బ్యాటరీ మీద. 1966లో వచ్చిన ఈ మోడల్ మీటర్‌ని 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి తగ్గట్టు చేశారు. అవిప్పుడు తయారుకావు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే చాలాసార్లు 1.5 వోల్టుల ఆల్కలైన్‌ది వేసి ఉంటుంది. దాంతో మీటర్ వెలుగుని ఎక్కువ చేసి చూపిస్తుంది, మనం నమ్మి ఫిల్మ్‌కి తగిలే వెలుగుని తగ్గించేస్తాం. వినికిడి మిషన్లలో వేసే 675 నంబరు జింక్ ఎయిర్ బ్యాటరీ కొనండి, 1.4 వోల్టులు. గూట్లో కాస్త వదులుగా ఉంటుంది, చుట్టూ చిన్న రబ్బరు రింగు పెడితే కదలదు. స్టిక్కర్ పీకాక రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయండి. త్వరగా అయిపోతుంది, కానీ చవకే లెండి.

బ్యాటరీ వచ్చేదాకా ఆగక్కర్లేదు, షటర్‌కి దాంతో పనిలేదు. ఐఎస్ఓ 200 ఫిల్మ్ అయితే మిట్ట ఎండలో లెన్స్ రంధ్రం (అపెర్చర్) ఎఫ్16, షటర్ వేగం సెకనులో 1/250 వంతు పెట్టండి. పెన్న లోయ నీడలో ఉంటే ఎఫ్5.6కి, ఇంకా చీకటిగా ఉంటే ఎఫ్4కి తెరవండి. మీటర్ చూసేటప్పుడు ఆకాశం రాకుండా కెమెరాని కింద రాళ్లవైపు వంచి ముల్లు కలిపి, తర్వాత ఫ్రేమ్ పెట్టుకోండి. నెగటివ్ ఫిల్మ్‌కి వెలుగు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువైనా ఏం కాదు, తక్కువైతేనే తంటా.