మాక్రో సంక్షిప్తి కాదు, ఆదేశం

సందేహం: పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ లేటెక్‌లో ఒక పుస్తకం కూరుస్తున్నాను. పదే పదే టైపు చేయలేక ‘విశ్వవిద్యాలయం’ అనే మాటకు \వవ అని మాక్రో (కొడితే పూర్తి మాటగా మారే పొట్టి పేరు) పెట్టుకున్నాను. ప్రూఫులో ‘విశ్వవిద్యాలయంకు’, ‘విశ్వవిద్యాలయంలు’ అని పడ్డ చోటల్లా మా మిత్రుడు ఎర్రసిరాతో సున్నాలు చుట్టాడు. అవి నిజంగా తప్పులేనా? ఇంకో మాట. మాక్రోను తెలుగులో ‘సంక్షిప్తి’ అనాలా, ‘సూక్ష్మాదేశం’ అనాలా?

సమాధానం: ఎర్రసిరాదే రైటు. మాట్లాడేటప్పుడు ‘విశ్వవిద్యాలయంకు’ అనేవాళ్లు ఉన్నారు, కాదనను. రాతలో మాత్రం ‘విశ్వవిద్యాలయానికి’ అనే రాస్తాం. సున్నతో ముగిసే ఇలాంటి మాటలకు లో, తో, నుంచి చేరితే ఏ గొడవా ఉండదు: పుస్తకంలో, పుస్తకంతో, పుస్తకం నుంచి. కి, ని చేరినప్పుడు, బహువచనం చేసినప్పుడు సున్న నిలవదు: పుస్తకానికి, పుస్తకాన్ని, పుస్తకాలు. ఇది మీకు తెలియక కాదు. చేత్తో రాసి ఉంటే మీ కలం దానంతటదే ‘విశ్వవిద్యాలయానికి’ అని రాసేది. మాక్రోకు సంధి తెలియదు, విభక్తి తెలియదు. ఇచ్చిన అక్షరాలను ఇచ్చినట్టే పెట్టి పక్కకు తప్పుకుంటుంది. ఇంగ్లీషులో మాట పెద్దగా మారదు కాబట్టి ఈ చిక్కు అంతగా కనిపించదు. మనకు ప్రతి వాక్యంలోనూ ఎదురవుతుంది.

మందు చిన్నదే. మాటను మారే చోట కాకుండా, మారని చోట కోయండి. \వవ లో ‘విశ్వవిద్యా’ వరకే ఉంచి, తోకను మీ చేతిలో పెట్టుకోండి: \వవ లయం, \వవ లయానికి, \వవ లయాలు. అచ్చులో అన్నీ సరిగా అతుక్కుని వస్తాయి. మధ్యలో ఖాళీ వదిలాం కదా, మాట రెండు ముక్కలు కాదా అంటారేమో. కాదు. అక్షరాలతో రాసిన ఆజ్ఞ పేరు తర్వాత వచ్చే ఖాళీని లేటెక్‌కు మూలమైన టెక్ మింగేస్తుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లు ఈ అలవాటును తిట్టుకుంటూ, పేరు వెనకాల ఖాళీ బ్రాకెట్లు {} పెట్టి ఖాళీని కాపాడుకుంటారు. ప్రత్యయాలు అతికించి రాసే మనకు అదే వరమైంది. అలాగని ఖాళీ వదలకుండా \వవలయం అని కొడితే మాత్రం, తెలుగు అక్షరాలను కూడా అక్షరాలుగానే గుర్తించే జీలేటెక్ (లేటెక్‌లో ఒక రకం) దాన్నంతా కలిపి వేరే పేరు అనుకుని, అలాంటిది లేదని ఎర్రర్ చూపిస్తుంది.

ఇక పేరు సంగతి. సంక్షిప్తి అంటే పాఠకుడి కంటికి కనిపించే పొట్టి రూపం. కి.మీ., క్రీ.పూ. అలాంటివి. వీటిలో మనం తీసుకునేది గుణింతంతో, ఒత్తుతో కలిసిన మొదటి అక్షరాన్ని. అందుకే కి.మీ. ‘క.మ.’ కాలేదు. కంటికి ‘కి.మీ.’ కనిపించినా నోరు ‘కిలోమీటర్లు’ అనే చదువుతుంది. మాక్రో దీనికి తలకిందులు. పొట్టి రూపం రాసేవాడికి మాత్రమే తెలుసు, పాఠకుడు చూసేది పూర్తి మాటనే. రెండింటికీ ఒకే పేరు పెడితే, ‘సంక్షిప్తుల పట్టిక’ అన్న చోట ఏది రాయాలో మీకే టెన్షన్ మొదలవుతుంది.

‘సూక్ష్మాదేశం’లో సూక్ష్మం వద్దు. మాక్రో అనే గ్రీకు మూలానికి అర్థం పొడుగు, పెద్ద. సూక్ష్మానికి సరిగ్గా ఎదురు! కానీ మీరు తెలిసో తెలియకో ‘ఆదేశం’ దగ్గరికి వచ్చారు. అది నాకు బాగా నచ్చింది. వాడుకలో ఆదేశం అంటే ఆజ్ఞ. వ్యాకరణంలో ఒకదాన్ని తొలగించి దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చోవడం. గసడదవాదేశ సంధిలో ఉన్న ఆదేశం అదే. ‘మిత్రవదాగమః, శత్రువదాదేశః’ అని పాతవాళ్ల మాట: ఆగమం స్నేహితుడిలా పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని వెళ్లగొట్టి ఆ చోటు పట్టేస్తుంది. \వవ పోయి ‘విశ్వవిద్యా’ రావడం అచ్చంగా ఇదే. అయినా నన్నడిగితే, నలుగురికీ తెలిసిన ‘మాక్రో’నే ఉంచి, అది చేసే పనిని వివరించేటప్పుడు ‘ఆదేశం’ అనండి.

పొట్టి పేరు పెట్టి పెద్ద సంగతి చెప్పడం మనకు కొత్త కూడా కాదు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ‘అచ్’ అన్నాడంటే, అక్షరాల వరుసను చెప్పే సూత్రాల్లో ‘అఇఉణ్’లోని అకారం మొదలు ‘ఐఔచ్’ దాకా ఉన్న 9 అచ్చులూ లెక్కకు వచ్చినట్టే. చివరి చకారం ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు మాత్రమే, లెక్కలోకి రాదు. ఆ ‘అచ్’కే మనం లు తగిలించి అచ్చులు అన్నాం, ‘హల్’ను హల్లులు చేశాం. చూడండి, మన పొట్టి పేరు ఎంత బాగా బహువచనం పుచ్చుకుందో!

మాక్రోను ‘డిఫైన్ చేయడం’ అన్నదానికి ‘నిర్వచించడం’ చాలామంది వాడుతున్నారు. తప్పనలేను గానీ, నిర్వచనం అర్థాన్ని విడమరుస్తుంది, ఇక్కడ జరిగేది పేరు పెట్టడం. వ్యాకరణంలో దీన్ని సంజ్ఞ అంటారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో నకారానికి ‘ద్రుతం’ అని పెట్టింది సంజ్ఞే. ‘మాక్రోకు పేరు పెట్టడం’ అంటే చాలు. ఆ పేరు పెట్టేటప్పుడు \డెఫ్ (\def) వద్దు, \న్యూకమాండ్ (\newcommand) వాడండి. ఆ పేరు ముందే ఉంటే న్యూకమాండ్ అభ్యంతరం చెబుతుంది. డెఫ్ కిక్కురుమనకుండా పాతదాన్ని చెరిపేస్తుంది.