మెల్‌బోర్న్‌లో ఎమ్మెస్, సాయంత్రం సర్కస్: ప్రొద్దుటూరు తల్లికి జవాబు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయికి 23 ఏళ్లు. కడపలో బీటెక్ చదివి, ఇంటిస్థలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుతో మెల్‌బోర్న్‌లో ఎమ్మెస్ చేస్తోంది. ఇంకా రెండు సెమిస్టర్లు మిగిలాయి. ఈ మధ్య అక్కడ ‘ఉమెన్స్ సర్కస్’ అనే చోట చేరానని, వారానికో సాయంత్రం శిక్షణ అని చెప్పి, పైనుంచి వేలాడే గుడ్డను పట్టుకుని ఎక్కుతున్న ఫొటో పంపింది. చదువయ్యాక అక్కడే శిక్షకురాలిగా పనిచేయాలని ఉందట. మా ఆడపడుచు ‘లక్షలు పోసి పంపింది దొమ్మరి ఆటలకా’ అంటోంది. నెట్‌లో చూస్తే అది లైంగిక హింసకు గురైన స్త్రీల కోసం పెట్టిన సంస్థ అని ఉంది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మానేయమని చెప్పనా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి చెప్పాలా, దాచాలా?

జవాబు: అమ్మా, సర్కస్ మానేయమని చెప్పకండి. ఎమ్మెస్ మానేస్తానంటే మాత్రం గట్టిగా అడ్డుపడండి. మీ భయంలో ఈ రెండూ ఒకటైపోయాయి.

ముందు మీ నిద్ర చెడగొట్టిన సంగతి చూద్దాం. మీరు చదివింది నిజమే. 1991లో డోనా జాక్సన్ అనే రంగస్థల కళాకారిణి మెల్‌బోర్న్ పడమటి వైపున్న ఫుట్‌స్క్రేలో, అక్కడి కమ్యూనిటీ ఆర్ట్స్ సెంటర్‌లో దీన్ని మొదలుపెట్టారు. లైంగిక హింసను ఎదుర్కొన్న స్త్రీలకు తమ ఒంటి మీద తమకు నమ్మకం తిరిగి రావాలంటే మాటలొక్కటే చాలవని, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడటం, తాడెక్కడం, కింద పడకుండా ఒకరినొకరు పట్టుకోవడం అందుకు పనికొస్తాయని ఆమె ఆలోచన. తర్వాతి కాలంలో మిగతా స్త్రీలకూ అందులో చోటు దొరికింది. వ్యాయామం కోసం, స్నేహాల కోసం, పరాయి ఊళ్లో ఒంటరితనం పోగొట్టుకోవడం కోసం చేరేవాళ్లూ ఉంటారు. కాబట్టి చేరినంత మాత్రాన మీ అమ్మాయికి ఏదో జరిగిందని అర్థం కాదు. ఫోనులో నిలదీయకండి. ‘అక్కడ ఎవరెవరు ఉన్నారు, ఏం నేర్పుతున్నారు’ అని మామూలుగా అడగండి. ఒకవేళ చెప్పుకోవలసినది ఏదైనా ఉంటే, తప్పు పట్టకుండా వినే తల్లికే పిల్లలు చెబుతారు. తిట్టి మాన్పిస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

సర్కస్ అనగానే మన కళ్ల ముందు మైదానంలో వేసిన డేరా, పులి బోను, మెరుపు దుస్తుల అమ్మాయిలు కదులుతారు. మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే 1880లో మొదలుపెట్టిన సర్కస్‌తో మన దేశంలో ఈ వ్యాపారం పుట్టింది. కేరళలోని తలశ్శేరి శిక్షణకు కేంద్రమైంది. చిన్నపిల్లలను ఒప్పందాల మీద తెచ్చి ఏళ్ల తరబడి డేరాల్లో ఉంచిన చరిత్ర కూడా దానిదే. సర్కస్‌లలో పిల్లలను పనిలో పెట్టకూడదని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. మీ భయానికి మూలం ఆ డేరా. మీ అమ్మాయి వెళుతున్నది దానికి పూర్తిగా ఎదురు పద్ధతి. ఇక్కడ జీతం ఇవ్వరు, నేర్చుకునేవాళ్లే ఫీజు కడతారు. యజమాని కోసం రోజుకు మూడు ఆటలు ఆడే పని లేదు. ప్రదర్శన ఉంటే ఇష్టమైనవాళ్లు పాల్గొంటారు. పొడవాటి గుడ్డల మీద, ఉయ్యాల కర్ర మీద విన్యాసాలు, బంతులు ఎగరేయడం, హులాహూప్, ఇద్దరు ముగ్గురు కలిసి మనుషులతోనే గోపురం కట్టడం ఇలాంటి చోట్ల నేర్పుతారు. ఆ గోపురంలో కింద నిలబడి బరువు మోసేవారిని బేస్ అని, పైకి ఎక్కేవారిని ఫ్లయర్ అని, పక్కన నిలబడి పడకుండా కాచుకునేవారిని స్పాటర్ అని పిలుస్తారు. సన్నగా ఉన్నవాళ్లకే చోటు అనే నియమం లేదు. లావుగా, బలంగా ఉన్న బేస్ లేకపోతే ఫ్లయర్ ఎక్కేదెక్కడికి?

మీ ఆడపడుచు మాట గురించి కొంచెం కటువుగానే రాస్తున్నాను. ఆమె తిట్టుగా వాడింది ఒక కులం పేరు. మన ఊళ్ల సంతల్లో, జాతరల్లో గడ మీదికి ఎక్కి, తాడు మీద నడిచి ఆడిన ఆ కుటుంబాల స్త్రీల నేర్పుకు చప్పట్లు కొట్టినవాళ్లే, ఆట ముగిశాక వాళ్లను గడప తొక్కనివ్వలేదు. వాళ్ల విద్యలో చిన్నతనం ఏమీ లేదు. అదే మెల్‌బోర్న్‌లో 2018లో జరిగిన జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి వాల్ట్‌లో, అంటే పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా ఎగిరి పల్టీ కొట్టే పోటీలో, కాంస్యం గెలిచింది. ప్రపంచకప్ జిమ్నాస్టిక్స్‌లో వ్యక్తిగత పతకం అందుకున్న తొలి భారతీయురాలు ఆమే. గాలిలో పల్టీ అక్కడా పల్టీయే. పతకం ఉంటే దండ వేస్తాం, లేకపోతే మూతి విరుస్తాం.

ఇక బతుకుతెరువు సంగతి. ఇక్కడ నేను మీ పక్షమే. వారానికో సాయంత్రం నేర్చుకునే విద్య మీ తాకట్టును విడిపించదు. సర్కస్‌నే వృత్తిగా చేసుకునేవారి దారి వేరు. కెనడాలోని మాంట్రియల్‌లో 1981లో పుట్టిన జాతీయ సర్కస్ పాఠశాల లాంటి చోట్ల ఆడిషన్ నెగ్గి, పూర్తికాలం ఏళ్ల తరబడి తర్ఫీదు పొందాలి. అక్కడికి వచ్చేవారిలో చాలామంది చిన్ననాటి నుంచే జిమ్నాస్టిక్స్‌లోనో నృత్యంలోనో నలిగినవాళ్లు. 23 ఏళ్లకు మొదలుపెట్టి ఆ పోటీలోకి దిగడం ఆచరణలో కష్టం. మీ అమ్మాయి అడుగుతున్నది అంత పెద్దది కాదు, శిక్షకురాలి పని. అది సాధ్యమే. కొన్నేళ్లు నేర్చుకుని, సహాయకురాలిగా మొదలుపెట్టి, మెల్లగా సొంతంగా ఒక తరగతి చెప్పే స్థాయికి రావచ్చు. పిల్లలకు నేర్పాలంటే మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ‘వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్’ అనే అనుమతి తప్పనిసరి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అయితే ఇది గంటల లెక్కన దొరికే పని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ వారాంతంలో చేస్తే హాయి, దీని మీదే బతకాలనుకుంటే ఇబ్బంది. తిరిగి కడపకు వచ్చినా ఈ అనుభవం ఒక్కదానితో బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలి ఉద్యోగం రాదు. దానికి బీపీఈడీ లాంటి వ్యాయామ విద్య అర్హత ఉండాలి.

వీసా సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి చదివి వినిపించండి. విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో రెండు వారాలకు 48 గంటలకు మించి పనిచేయకూడదు. డబ్బు తీసుకుని తరగతి చెబితే ఆ గంటలూ ఇందులోకే వస్తాయి. దుకాణంలోనో హోటల్లోనో ఇప్పటికే పార్ట్‌టైమ్ చేస్తుంటే రెండూ కూడుకోవాలి. ఎమ్మెస్ వదిలి సర్కస్ డిప్లొమాలో చేరాలనిపిస్తే, అది కింది స్థాయి కోర్సు కాబట్టి కొత్త వీసా కావాలి. చెప్పకుండా మారితే ఉన్న వీసాకే ప్రమాదం. ఎమ్మెస్ పూర్తి చేస్తే తాత్కాలిక గ్రాడ్యుయేట్ వీసాకు దరఖాస్తు చేసుకుని కొంతకాలం అక్కడే ఉద్యోగం చేయవచ్చు. అప్పు తీరే దారి అదే, శిక్షకురాలి కోరిక తీరడానికి వ్యవధి దొరికేదీ అప్పుడే.

మీరు అడగనిది ఒకటి ఉంది. అడగవలసిందీ అదే: దెబ్బలు. భుజాలు, మణికట్లు, నడుము, ఈ మూడూ జాగ్రత్త. మంచి శిక్షణ చోట ఎక్కే ముందు ఒళ్లు వేడెక్కించే కసరత్తు ఉంటుంది, కింద మందపాటి పరుపులు ఉంటాయి, గుడ్డ, తాడు వేలాడదీసిన కొక్కేలను తెలిసినవారు తరచూ పరీక్షిస్తారు, ముట్టుకునే ముందు శిక్షకులు అనుమతి అడుగుతారు. ఇవి ఉన్నాయో లేదో మీ అమ్మాయిని అడగండి. విదేశీ విద్యార్థులకు అక్కడ తప్పనిసరి అయిన ఆరోగ్య బీమా డాక్టరు ఖర్చు, ఆసుపత్రి ఖర్చు చాలావరకు భరిస్తుంది కానీ, మామూలు పాలసీలో ఫిజియోథెరపీ సాధారణంగా ఉండదు. భుజం బెణికితే నెలల తరబడి కావలసింది అదే. పాలసీ కాగితం తీసి చూసుకోమనండి. పరీక్షలకు ముందు వారాల్లో కొత్త విన్యాసాలు వద్దని కూడా చెప్పండి. మణికట్టుకు కట్టుతో ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయడం ఎంత నరకమో ఇంజనీరింగ్ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

సంబంధాల ప్రశ్నకు నా జవాబు చిన్నది. ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీ అమ్మాయే నిర్ణయించుకుంటుంది, అడిగి చూడండి. మీరు మాత్రం ఆమె తరఫున అబద్ధం ఆడకండి. గుడ్డ పట్టుకుని ఎక్కిన ఆ ఫొటోను ఈపాటికి తనే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేసి ఉంటుంది.