చెరువు నీళ్లు, మొక్కలు, చేపలు: ఎక్కడ, ఏ వేళకు కొలవాలో ముందు తేల్చుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కొంతమంది కలిసి ఒక మంచినీటి చెరువును ఏడాది పొడవునా గమనించాలనుకుంటున్నారు. నీళ్లలో ఏం కొలవాలి, మొక్కల్నీ చేపల్నీ ఎలా లెక్కలోకి తీసుకోవాలి, ఖరీదైన మీటర్లు లేకుండా ఇది కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. ఏళ్ల తరబడి ఒక చెరువు మీద ఇదే పని చేస్తున్న బృందంలో నేనూ ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. కాకపోతే పరికరాల జాబితా రాసుకునే ముందు రెండు విషయాలు ఖాయం చేసుకోండి: ఎక్కడ కొలుస్తారు, ఏ వేళకు కొలుస్తారు. ఈ రెండూ మారిపోతూ ఉంటే, ఎంత మంచి మీటరు తెచ్చినా ఈ నెల అంకెను పోయిన నెల అంకెతో పోల్చలేరు.

వేళ దగ్గర ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. ఎండ ఉన్నంతసేపూ నీటి మొక్కలు, నీళ్లలో తేలే సూక్ష్మ నాచు ఆక్సిజన్ వదులుతాయి. చీకటి పడ్డాక అవి కూడా చేపలతో, బ్యాక్టీరియాతో పాటు దాన్ని పీల్చుకోవడమే. అందుకే ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, పొద్దు పొడవడానికి కాస్త ముందు. మేం చూసే చెరువులో ఒక వేసవి మధ్యాహ్నం లీటరుకు 11 మిల్లీగ్రాములు చూపించిన చోటే, మర్నాడు తెల్లారకముందు 2 కూడా లేదు. మధ్యాహ్నం అంకె ఒక్కటే చూస్తే ఈ నీళ్లు భేషుగ్గా ఉన్నాయనిపిస్తుంది. అవే నీళ్లలో తెల్లారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. చాలా రకాల చేపలకు 5 పైన ఉంటే ఇబ్బంది ఉండదు, 3 కిందికి వస్తే కష్టకాలమే. దానికి తోడు వేడి. గాలి నుంచి ఇముడ్చుకోగలిగినంతా ఇముడ్చుకున్నాక 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది.

నీళ్లు ఆమ్లం వైపు ఉన్నాయా, క్షారం వైపు ఉన్నాయా చెప్పే అంకె పీహెచ్ (7 అంటే తటస్థం). అది కూడా ఇలాగే ఊగుతుంది. మధ్యాహ్నం నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది కాబట్టి పచ్చటి నీళ్లలో పీహెచ్ 9 దాటడం మామూలే. అమ్మోనియా కొలిచేవాళ్లు దీన్ని తప్పకుండా పట్టించుకోవాలి. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో చేపలకు విషమయ్యే రూపం ఒక శాతం లోపే. పీహెచ్ 9 అయితే అది మూడో వంతు దాటుతుంది. పక్కనే పీహెచ్, ఉష్ణోగ్రత రాయని అమ్మోనియా అంకెను చూసి చేపలకు ప్రమాదం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆక్సిజన్ మీటరు లేకపోతే వింక్లర్ పద్ధతి ఉంది. 1888 నాటిది, ఇప్పటికీ మీటర్లను సరిచూసుకోవడానికి దాన్నే వాడతారు. గాజు సీసాలో ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షారం కలిపిన అయొడైడ్ ద్రావణం వేసి మూత పెట్టి తిప్పితే ముద్దలా ఒక అవక్షేపం ఏర్పడుతుంది. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు, లేకపోతే తెలుపు. ఆ తర్వాత ఆమ్లం వేసి, పిండి ద్రావణంతో వచ్చే నీలం రంగు పోయేదాకా థయోసల్ఫేట్ చుక్కలు లెక్కపెడితే అంకె వస్తుంది. ఎండాకాలంలో లోతు నుంచి తెచ్చిన నీళ్లు సీసాలో తెల్లగానే ఉండిపోవడం చూసిన కుర్రాళ్లకు, అడుగున ఊపిరి లేదన్న మాట ఇంకెవరూ వివరించనక్కర్లేదు. అందులో వాడేది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి, పక్కన అలవాటున్న మనిషి కూడా ఉండాలి.

ఒక్క పరికరమే ఎంచుకోమంటే మాత్రం నేను, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూపే సెక్కీ పళ్లేన్నే ఎంచుకుంటాను. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ సముద్రపు నీటి స్వచ్ఛతను తెల్ల పళ్లేలతో పరీక్షించాడు. చెరువులకు ఇప్పుడు వాడేది 20 సెంటీమీటర్ల వెడల్పున, నాలుగు భాగాలు చేసి నలుపు తెలుపు రంగులు మార్చి మార్చి వేసిన పళ్లెం. దానికి కొలత గుర్తులున్న, సాగని తాడు, కింద బరువు. నడిపొద్దున పడవ నీడ పడే వైపు నుంచి దింపండి, చలువ కళ్లద్దాలు తీసేయండి. పళ్లెం కనబడకుండా పోయిన చోట తాడును వేళ్లతో పట్టుకోండి, మళ్లీ పైకి లాగుతుంటే కనిపించిన చోటు గుర్తుపెట్టుకోండి. రెండింటి సగటే పారదర్శకత. ఇద్దరు చూసి, ఎవరి అంకె వాళ్లు విడిగా రాయడం మంచిది.

ఈ కొలతను వాడి 1977లో శాస్త్రవేత్త కార్ల్‌సన్ నీళ్లలో నాచు ఎంత ఎక్కువుందో అంచనా వేసే ఒక సూచిక తయారుచేశాడు. పళ్లెం 2 మీటర్ల దగ్గర మాయమైతే సూచిక 50, 1 మీటరు దగ్గరైతే 60, అర మీటరుకే మాయమైతే 70. అంటే చూపు సగానికి తగ్గినప్పుడల్లా 10 పెరుగుతుంది. అయితే ఆ మురికి నాచుదై ఉండాలి. వాన తర్వాత ఎర్రమట్టి కలిసిన నీళ్లకు ఈ సూచిక వర్తించదు. అందుకే నీళ్ల రంగు, ముందు రోజుల వాన, గాలి పక్కన రాసి తీరాలి.

లోతైన చెరువైతే పైన ఒక్కచోటే కాకుండా, అన్నిటికన్నా లోతైన చోట మీటరు మీటరుకూ ఉష్ణోగ్రత, ఆక్సిజన్ చూడండి. ఎండలకు పై నీళ్లు వేడెక్కి తేలికై, కింది చల్లటి నీళ్లతో కలవవు. అప్పుడు అడుగున ఆక్సిజన్ అయిపోతుంది, బురదలో ఇనుముతో ముడిపడి ఉన్న, నాచుకు ఎరువులా పనిచేసే ఫాస్ఫరస్ విడుదలై మళ్లీ నీళ్లలోకి వస్తుంది. బయటి మురుగు ఆపేసినా కొన్ని చెరువులు వెంటనే బాగుపడకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఫాస్ఫరస్‌ను చవక కిట్లతో నమ్మకంగా పట్టుకోలేరు. దాన్ని ల్యాబ్‌కి పంపండి, డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. కెనడాలో ప్రయోగాల కోసం కేటాయించిన సరస్సుల్లో 226 నంబరుదాన్ని 1973లో అడ్డంగా తెరవేసి రెండుగా విడదీసి, ఒక సగంలో కార్బన్, నైట్రోజన్, రెండో సగంలో వాటితో పాటు ఫాస్ఫరస్ వేశారు. ఫాస్ఫరస్ పడ్డ సగమే నాచుతో పచ్చబడింది. అమెరికాలోని వాషింగ్టన్ సరస్సులోకి వచ్చే మురుగును 1963 నుంచి 1968 మధ్య దారి మళ్లించాక ఆ నీళ్లు తేరుకున్నాయి. అది రుజువైందంటే అంతకుముందు నుంచీ ఓపిగ్గా కొలిచినవాళ్లు ఉండబట్టే.

మొక్కలకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇనుప పళ్లున్న రెండు రేక్ తలల్ని వీపులు కలిపి కట్టి, తాడుతో విసిరి, అడుగున ఈడ్చి లాగండి. ప్రతి రకానికీ, పళ్లలో ఎంత చిక్కిందో బట్టి 0 నుంచి 3 దాకా మార్కు వేసి, ఫొటో తీయండి. ప్రతిసారీ అవే చోట్లు. వీటితో పాటు మునిగి ఉండే మొక్కలు ఎంత లోతు దాకా పెరుగుతున్నాయో రాయండి. నీళ్లు మసకబారే కొద్దీ ఆ హద్దు ఒడ్డు వైపు జరుగుతుంది. గుర్రపుడెక్క కమ్మేస్తే అందరికీ కనిపిస్తుంది. అడుగు మొక్కలు మాయమైతే మాత్రం ఎవరూ గమనించరు, చాలామంది నీళ్లు శుభ్రమయ్యాయని సంతోషిస్తారు కూడా. లోతు తక్కువున్న చెరువుల్లో బురదను పట్టి ఉంచేది, చేపపిల్లలకు దాపు ఇచ్చేది ఆ మొక్కలే. అవి పోతే చెరువు పచ్చటి నీళ్ల దశలోకి జారి అక్కడే ఉండిపోగలదు. కాబట్టి కలుపు అని మొత్తం పీకించకండి.

చేపలు అన్నిటికన్నా కష్టం. వల వేయాలంటే అనుమతి కావాలి, వలను బట్టి పడే చేప మారుతుంది. అక్కడ రోజూ వల వేసే జాలర్లతో స్నేహం చేసుకోండి. ఏ రకం ఎన్ని పడ్డాయి, వల కన్ను ఎంత, ఎంతసేపు వేశారు, కొన్నిటి పొడవు, బరువు రాసుకోనివ్వమని అడగండి. మాకు తెలియని సంగతులు ఎన్నో వాళ్ల మాటల్లోనే బయటపడ్డాయి. బురదను కుళ్లగించే కార్ప్ జాతి చేపలు బాగా పెరిగినా, సూక్ష్మ జంతువుల్ని తినేసే చిన్న చేపలు ఎక్కువైనా నీళ్లు మసకబారతాయి. సెక్కీ అంకె తగ్గినప్పుడు చేపల పుస్తకం కూడా తిరగేయండి.

చేపలు చచ్చి తేలితే వెంటనే వెళ్లి ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్ కొలవండి, నీళ్లు సీసాలో పట్టి చల్లగా, చీకట్లో ఉంచండి. పెద్ద చేపలు ముందు పోయి, నేరుగా గాలి పీల్చగల కొర్రమీను లాంటివి బతికుంటే ఆక్సిజన్ లోపాన్ని అనుమానించాలి. చిన్నా పెద్దా తేడా లేకుండా ఒక్కసారిగా అన్నీ పోతే ఏదో విషం కలిసిందేమో చూడాలి. రెండు గంటలు ఆలస్యమైతే ఎండకు ఆక్సిజన్ పెరిగిపోయి ఆధారం చెరిగిపోతుంది.

మీటర్లను కొలతకు వెళ్లిన ప్రతిరోజూ సరిచూసుకోండి, పీహెచ్‌కి 7, 10 బఫర్లు (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) రెండూ వాడండి. వింత అంకె వస్తే కొట్టేయకండి. మళ్లీ కొలిచి రెండూ రాయండి. మొదటి ఏడాది రెండు వారాలకోసారి సెక్కీ, ఉష్ణోగ్రత, తెల్లవారుజాము ఆక్సిజన్, నెలకోసారి ఫాస్ఫరస్, మొక్కలు బాగా పెరిగే కాలంలో రేక్ చాలు. నీళ్ల మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే మాత్రం చేయి పెట్టకండి. అది విషాన్ని విడుదల చేసే సయనోబ్యాక్టీరియా కావచ్చు, ఆ నీళ్లు పశువులు తాగకుండా, పిల్లలు దిగకుండా ముందు చుట్టుపక్కల వాళ్లకు చెప్పండి.