నీళ్లు కలిసే చోట ఆగిపోకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఉద్యోగంలో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. నా సర్వీసంతా ఆ పనిలోనే గడిచింది కాబట్టి, నీకు పనికొస్తాయనిపించిన మాటలు రాస్తున్నాను.

ముందు నది చూడు. శుద్ధి చేసిన నీళ్లు కలిసే చోటికి వెళ్లి, ఒడ్డు వెంబడి ఇంకా కిందికి నడువు. కలిసే చోట నది బాగానే కనిపిస్తుంది. మన నీళ్లలో మిగిలిపోయిన మురికిని సూక్ష్మజీవులు తినేకొద్దీ నదిలో ఆక్సిజన్ తరుగుతూ వస్తుంది. అది బాగా పడిపోయే చోటు చాలాసార్లు కిలోమీటర్ల దూరాన, మన గేటు దగ్గర నిలబడితే కనిపించనంత కింద ఉంటుంది. అమెరికాలోని ఒహాయో నది మీద పరిశోధన చేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు 1925లోనే దీనికి లెక్క కట్టారు. ప్లాంటులో తీసిన శాంపిల్ ఎంత బాగా వచ్చినా, అక్కడి సంగతి అక్కడికెళ్లి కొలిస్తేనే తెలుస్తుంది.

నదిలో ఆక్సిజన్ కొలిచేది తెల్లవారకముందే. నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదిలి, రాత్రంతా తిరిగి వాడుకుంటుంది. మధ్యాహ్నం కొలిస్తే అంతా బాగుందనుకుంటాం. చేపలు తేలిపోయేది తెల్లవారుజామున. వేసవిలో మరీ జాగ్రత్త. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర సుమారు 7.5 మాత్రమే. పైగా అప్పుడు నదిలో ప్రవాహం సన్నబడి, పారేదాంట్లో మన నీళ్ల వాటాయే పెరుగుతుంది.

కరెంటు బిల్లు తగ్గించాలని మురుగులోకి గాలి కొట్టే బ్లోయర్లు ఆపమనే ఒత్తిడి నీకూ వస్తుంది. ఒప్పుకోకు. ఆ గాలి అందే ఏరేషన్ ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఆక్సిజన్ నిలిచేట్టు చూసుకో. గాలి తగ్గించినా బీఓడీ, అంటే నీటిలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత, కొన్నాళ్లు బాగానే కనిపించవచ్చు, ముందు దెబ్బ తినేది అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా. గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు వాటికి నాలుగున్నర గ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి, సూక్ష్మజీవులుండే బురద, అదే స్లడ్జ్, ఎక్కువగా తీసేసినా కొట్టుకుపోతాయి, మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ బురద అడుక్కి దిగే ట్యాంకు, అంటే క్లారిఫయర్, మీది నుంచి అద్దంలాంటి నీరే పోతుంటుంది, అందులో అమ్మోనియా ఉంటుంది. నది నీరు వెచ్చబడి, పీహెచ్ 8 దాటితే ఆ అమ్మోనియాలో చేపలకు విషమయ్యే భాగం పెరుగుతుంది. అందుకే నీటి తేటదనాన్ని నమ్మకు, అమ్మోనియా పరీక్ష మానకు. ల్యాబ్ వాళ్లు బీఓడీ ఫలితం ఇచ్చేసరికి మూడు నుంచి ఐదు రోజులవుతుంది. అమ్మోనియా అదే రోజు తెలుస్తుంది.

క్లోరిన్ వేసే ప్లాంటయితే, నదిలోకి వదిలేముందు మిగిలిన క్లోరిన్‌ను తప్పనిసరిగా తీసేయాలి. అతి కొద్దిపాటి క్లోరిన్ కూడా చేపపిల్లల్ని చంపుతుంది.

పెద్ద వానకు ప్లాంటు తట్టుకోలేక మురుగును నేరుగా వదలాల్సి వస్తే, ఎన్ని గంటలకు మొదలైందో, ఎప్పుడు ఆగిందో లాగ్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాయి. కిందివైపు తాగునీరు తోడుకునేవాళ్లకు వెంటనే కబురు పంపు. ఎవరు వద్దన్నా ఈ రెండూ చెయ్యి. ఆ నీళ్లు తాగేది పిల్లలమ్మా.

ఇక నీ ప్రాణం, నీ మనుషుల ప్రాణం. గ్యాస్ మీటరుతో చూడకుండా, గాలి పంపకుండా ఏ గుంటలోకీ, మ్యాన్‌హోల్‌లోకీ దిగకు, ఎవర్నీ దిగనివ్వకు. కుళ్లిన గుడ్ల వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందని కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కే పనిచేయడం మానేస్తుంది. పడిపోయిన మనిషిని కాపాడదామని వెనకే దిగినవాళ్లు కూడా పోతారు.

నది కొలతలకు ప్లాంటుకు ఎగువన ఒక చోటు, దిగువన మూడు నాలుగు చోట్లు ఎంచుకో. ప్రతిసారీ అవే చోట్ల, అదే వేళకు కొలువు. మొదటి నెల అంకెలు నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ మామయ్య